అదీనిజమే గారి ఓటు

మా బావమరిది ఎవరి మాటనూ కాదనడు. వినడానికి ఇది సుగుణంలాగే ఉంటుంది. అతనితో ఒక పూట గడిపితే తప్ప ఇది ఎంతటి ఉపద్రవమో బోధపడదు. మీరు చెప్పినదానికి "అదీ నిజమే" అన్న మనిషి, మీ వెనకనే వచ్చి సరిగ్గా దానికి విరుద్ధంగా చెప్పినవాడితోనూ "అదీ నిజమే" అంటాడు. అనడంతో ఆగితే బాధ లేదు. ఆ రెండోవాడి మాట ప్రకారం నడవడం కూడా మొదలుపెడతాడు, మూడోవాడు వచ్చేదాకా. గోడ మీద పిల్లి అయినా ఎప్పుడో ఒకప్పుడు ఒకవైపుకు దూకుతుంది. ఇతను రెండువైపులా దూకి మళ్ళీ గోడెక్కి కూర్చుంటాడు. ఓటర్ల జాబితాకు తప్ప ఊళ్ళో మరెవరికీ అతని అసలు పేరు గుర్తులేదు. పిల్లా పెద్దా అందరికీ అతను అదీనిజమే గారు.

నా ఉద్యోగకాలమంతా రికార్డుల ఆఫీసులో గడిచింది. మా ఇంట్లో కాగితం పారేయడం నిషిద్ధం. ఇక్కడ రాస్తున్న విషయాల్లో దేనికైనా ఆధారం కావాలంటే మా ఇంటికి దయచేయండి, అటక మీద దొరుకుతుంది. నిచ్చెన మాత్రం మీరే తెచ్చుకోవాలి. మాది విరిగిపోయింది. దానిని కొన్న రసీదు ఉంది.

అతని ఇంటి ముందుగోడనే మొదటి సాక్ష్యంగా ప్రవేశపెడుతున్నాను. రంగులు వేసే ఆయన నీలం బాగుంటుందంటే, అదీ నిజమే అన్నాడు. నీలం సగం గోడ ఎక్కేసరికి ఎదురింటి పెద్దమనిషి కాఫీ కప్పుతో బయటికి వచ్చి, "నీలం ఎండకి వెలిసిపోతుందండీ, పసుపు వేయించండి" అన్నాడు. అదీ నిజమే. పసుపు కిటికీ దాకా వచ్చింది. ఈలోగా పోస్టుమన్ ఉత్తరం ఇచ్చి పోతూ పోతూ, ఆకుపచ్చ కళ్ళకు చలువ అన్నాడు. మావాడిలా కళ్ళజోళ్ళు అమ్ముకునేవాడికి అంతకంటే బలమైన వాదన ఏముంటుంది? ఆ గోడ ఈనాటికీ అలాగే ఉంది. దానిని చూసి ఆ రోజు ఆ వీధిన ఎవరి తరువాత ఎవరు నడిచారో చెప్పవచ్చు.

"ఏరా, ఇది గోడా, గొంగళిపురుగా?" అన్నది మా ఆవిడ. అతనికి స్వయానా అక్క.

"అదీ నిజమే అక్కా" అని అతను ఆ గోడను ఎంతో ఆపేక్షగా చూసుకున్నాడు.

అతనికి బజారు మలుపులో కళ్ళజోళ్ళ కొట్టుంది. ఇటువంటి మనిషికి దేవుడు వెతికి వెతికి ఇచ్చిన వృత్తి అది. అద్దం మార్చడం, ఇది బాగుందా, ముందుది బాగుందా అని అడగడం, చెప్పింది వినడం. సాయంత్రం పత్రికలు చదువుకోవడానికి నేను అక్కడే కూర్చుంటాను కనుక ఈ సంభాషణ నేను స్వయంగా విన్నది.

"ముందుదే బాగుందండీ" అన్నాడు వచ్చినాయన.

"అదీ నిజమే."

"లేదు లేదు, ఇదే బాగుంది."

"అదీ నిజమే."

"అసలు రెండుసార్లూ ఒకటే అద్దం పెట్టినట్టున్నారే?"

"అదీ నిజమే" అని నవ్వి, అప్పుడు అద్దం మార్చాడు.

అతనికి ఇంకొక చాదస్తం ఉంది. బేరం కుదిరినా ఆర్డరు రాసుకోడు. కొనేవాళ్ళతో పాటు లేచి గుమ్మం దాకా వెళ్ళి, పెళ్ళివారిని సాగనంపుతున్నట్టు అక్కడ నిలబడతాడు. వాళ్ళు మెట్టు దిగబోయి, వెనక్కి తిరిగి, ఏదో ఒకటి గొణుగుతారు. ఆ గొణిగింది విని లోపలికి వచ్చి అప్పుడు రాసుకుంటాడు. "వ్యాపారం బల్ల దగ్గర చేస్తారోయ్, గుమ్మంలో కాదు" అని నేను చాలాసార్లు హితవు చెప్పాను. "అదీ నిజమే బావగారూ" అనేవాడు, గుమ్మంలో నిలబడి.

ఒక్క విషయంలో మాత్రం అతని సమర్థన నాకు ఊరటనిచ్చేది. ఈ కాలపు పత్రికలు కాగితం పొదుపు కోసం అక్షరాలను చీమ తలకాయంత చేసిపెట్టాయి. పాఠకుడంటే లెక్కలేనితనం తప్ప ఇది మరొకటి కాదు. దీనిని ఖండిస్తూ సంపాదకులకు నేను రాసిన లేఖల నకళ్ళు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. "చూశావటోయ్ ఈ దౌర్జన్యం?" అని పత్రికను చేయంత దూరం పట్టి చూపిస్తే, "అదీ నిజమే బావగారూ" అని నా చేతి వైపు, పత్రిక వైపు మార్చి మార్చి చూసేవాడు.

ఇటువంటివాడి కాపురం ఎలా నిలబడిందని మీకు సందేహం రావచ్చు. అతని భార్య వివేకవంతురాలు. పగలంతా పెదవి విప్పదు. వచ్చేవాళ్ళు వచ్చి, చెప్పేవాళ్ళు చెప్పి, అందరూ వెళ్ళిపోయాక, వీధి తలుపు గడియ వేసి వచ్చి తన మాట చెబుతుంది. గడియ పడ్డాక ఇక నాలుగోవాడు రాడు కదా. "ఈయనతో వాదన అక్కర్లేదు అన్నయ్యగారూ, ఓపికుంటే చాలు" అని నాతో ఒకసారి అన్నది. రాజనీతి గ్రంథాలలో కూడా ఇంత క్లుప్తంగా నేను చదవలేదు.

ఈ మనిషి మా ఊరి కౌన్సిల్‌లో సభ్యుడు ఎలా అయ్యాడన్నది వేరే కథ ఏమీ కాదు. మా కౌన్సిల్‌లో రెండు వర్గాలు. కలప డిపో యజమాని అయిన చైర్మన్ గారిది ఒకటి, ప్రింటింగ్ ప్రెస్సు యజమానిది ఒకటి. అతను నిలబడినప్పుడు, మావాడే అని చైర్మన్ గారు ప్రచారం చేశారు. మావాడే అని ప్రెస్సాయన కరపత్రాలు అచ్చు వేశాడు. ఇద్దరూ వెళ్ళి అతన్నే అడిగారు. ఇద్దరికీ ఒకటే జవాబు దొరికింది. అలా అతను ఏకగ్రీవంగా గెలిచాడు. గెలిచాక లెక్క చూసుకుంటే రెండు వర్గాలూ సరిసమానం, నడుమ ఇతను. అంటే ఊళ్ళో దీపం వెలగాలన్నా, కాలువ కదలాలన్నా, అదీనిజమే గారి చేయి లేవాలి.

ఆ చేయి ఎప్పుడు ఎటు లేస్తుందో కనిపెట్టడానికి వాళ్ళకు ఎంతోకాలం పట్టలేదు. కొత్త కొళాయి ఏ వీధిలో వేయాలన్నది చర్చకు వచ్చిన రోజు సంగతి. చైర్మన్ గారు తమ వీధి కోసం అనర్గళంగా మాట్లాడారు. ప్రెస్సాయన తమ వీధి కోసం బల్ల గుద్ది మాట్లాడాడు. ఇద్దరికీ అదీ నిజమే. ఓటు వేసే వేళకు టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చినాయన, గ్లాసులు పళ్ళెంలో పేర్చుకుంటూ తనలో తను అనుకున్నట్టు, "మా సందులో అసలు కొళాయే లేదు లెండి" అన్నాడు.

"అదీ నిజమే" అని మావాడు ఎత్తబోయిన చేయి దించేశాడు. "ఆ సందులో వేయిద్దాం."

"ఆ సందు ఎజెండాలోనే లేదయ్యా" అన్నారు చైర్మన్ గారు.

"అదీ నిజమే. రాయించండి."

చైర్మన్ గారి వీధికి దక్కకపోతే చాలని ప్రెస్సాయన, ప్రెస్సాయన వీధికి దక్కకపోతే చాలని చైర్మన్ గారు, ఇద్దరూ చేతులెత్తారు. కొళాయి టీ ఆయన సందులో పడింది. స్థిరబుద్ధి లేకపోవడానికి ఇంతకంటే ఉదాహరణ ఉండదని నేను ఆ వార్త కత్తిరించి దాచాను.

ఆ రోజు నుంచీ ఆఖరి మాట కోసం కౌన్సిల్‌లో కురుక్షేత్రం మొదలైంది. ముగింపు పలుకులు అధ్యక్షుడివేనని చైర్మన్ గారు ఒక నియమం చేశారు. ముగింపు పలుకుల మీద సందేహం అడిగే హక్కు సభ్యుడిదేనని ప్రెస్సాయన మరొకటి వెలికితీశాడు. చైర్మన్ గారు సందేహానికి సమాధానం చెబితే, ప్రెస్సాయన ఆ సమాధానానికి ధన్యవాదాలు చెబుతూ మళ్ళీ మొదటికి వచ్చేవాడు. గొంతు ఆరిపోకుండా ఆయన జేబులో దగ్గు బిళ్ళలు కూడా ఉండేవి. మధ్యలో మావాడు తల ఇటూ అటూ తిప్పుతూ, కళ్ళజోడు తుడుచుకుంటూ, ఇద్దరికీ నిజం పంచిపెడుతూ కూర్చునేవాడు.

ఇలా ఉండగా పై కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పిల్లలు తక్కువగా ఉన్న చిన్న బడులను పెద్ద బడిలో విలీనం చేయడమో, మూసివేయడమో, ఏదో ఒకటి కౌన్సిల్ తేల్చి చెప్పాలన్నది దాని సారాంశం. మా ఊళ్ళో ఆ దెబ్బ తగలబోయేది బట్టల మిల్లు వెనకనున్న చిన్నబడి. రెండు గదులు, ఒక పంతులమ్మ. పిల్లలను లెక్కపెట్టాలంటే ఆమె వేళ్ళకు తోడు మరొకరి వేళ్ళు అరువు తెచ్చుకుంటే సరిపోతుంది. వాళ్ళ తల్లుల్లో ఎక్కువమంది ఆ మిల్లులోనే పని చేస్తారు. పెద్దబడి ఊరికి రెండో చివర, లారీలు తిరిగే రోడ్డు మీద ఉంది.

విలీనం అన్న మాట చూడగానే నాకు ఒళ్ళు మండింది. నదులు సముద్రంలో విలీనమవుతాయి. పిల్లలు విలీనం కారు, తప్పిపోతారు. ఈ వాక్యంతోనే నా వినతిపత్రం మొదలుపెట్టాను. చైర్మన్ గారు మూసేయాలనే పక్షం. ఆయన వాదనలో పస లేకపోలేదు: పెద్దబడిలో గ్రంథాలయముంది, తరగతికొక గది ఉంది, ఆటస్థలముంది, ఒకే గదిలో అన్ని తరగతులూ కూర్చోబెట్టి ఒకే మనిషి ఏం చెబుతుందని ఆయన అడిగేవారు. ప్రెస్సాయన ఉంచాలనే పక్షం. చైర్మన్ గారు మూద్దామనడం తప్ప ఆయన వాదనలో వేరే పస ఏమీ లేదు. కనుక ఆ బడిని కాపాడే బాధ్యత విద్యావంతుడనైన నా మీదే పడింది. ప్రపంచంలో బడులు మొదలైన కాలం నుంచి ఎత్తుకుని, దస్తా కాగితం దాటేదాకా రాశాను. పౌరుల తరఫున సభలో చదవడానికి అనుమతి కూడా సంపాదించాను.

ముందురోజు కొట్టుకు వెళ్ళి అతన్ని నిలదీశాను. "ఏమోయ్, రేపు నీ ఓటు ఎటు?"

"చైర్మన్ గారు పొద్దున వచ్చారు బావగారూ. గ్రంథాలయం సంగతి చెప్పారు. అదీ నిజమే అనిపించింది."

"నా మొహంలా ఉంది. ఆ పిల్లలు లారీల మధ్య నడిచి వెళ్ళాలా?"

"అదీ నిజమే."

"అయితే మూయకూడదని ఓటు వేస్తావు కదూ?"

"మధ్యాహ్నం ప్రెస్సాయన కూడా ఇదే అడిగారు."

"ఏం చెప్పావు?"

"అదీ నిజమే అన్నాను" అని అద్దం మీద ఊది తుడవసాగాడు. "పంతులమ్మగారు మాత్రం రాలేదు బావగారూ."

"ఆవిడెక్కడొస్తుంది? బడిలో సింహం, బడి గేటు దాటితే పిల్లి. దుకాణంలో చిల్లర తక్కువిచ్చినా అడగదు."

"అదీ నిజమే" అన్నాడు. ఈసారి ఎందుకో కొంచెం మెల్లగా అన్నాడు.

ఇక ఆ మౌనసభ గురించి చెప్పాలి. కౌన్సిల్ హాలు నిండిపోయింది. పాత ఫ్యాను తన ధర్మం ప్రకారం గాలి తక్కువ, చప్పుడు ఎక్కువ ఇస్తున్నది. ఎవరికైనా ఏదైనా అడగాల్సి వస్తుందేమోనని పంతులమ్మను పిలిపించి చివరి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమె ఒడిలో సంచీ పెట్టుకుని, దానిని రెండు చేతులతో పట్టుకుని, తప్పు చేసి నిలబడ్డ విద్యార్థినిలా కూర్చుంది. నా వినతిపత్రం కట్ట నా ఒళ్ళో ఉంది.

"చిన్నబడి విషయం. ఎవరు మాట్లాడతారు?" అన్నారు చైర్మన్ గారు.

ఎవరూ మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడతారు? ముందు మాట్లాడినవాడి మాటను వెనక మాట్లాడినవాడు తుడిచేస్తాడని అందరికీ తెలుసు. ఒకరినొకరు తిట్టుకోవడంలో ఉద్దండులైన ఆ సభ్యులకు ఆ సాయంత్రం పుట్టుకొచ్చినంత మర్యాద నేను ఏ సభలోనూ చూడలేదు.

"అధ్యక్షులు మీరు. ముందు మీరు చెప్పాలి" అన్నాడు ప్రెస్సాయన, దగ్గు బిళ్ళ బుగ్గన పెట్టుకుంటూ.

"అబ్బే, బడి ఉండాలంటున్నది మీరు కదా. ముందు మీరు కానివ్వండి."

"పెద్దల తరువాతే పిన్నలు."

"పిన్నలు మాట్లాడాక పెద్దలు తీర్చాలండీ. అది పద్ధతి."

"పెద్దాయనా, మీ వినతిపత్రం చదవండి మరి" అని చైర్మన్ గారు నా వైపు తిరిగారు. నేను అంత తెలివితక్కువవాడినా? "నాకు తొందరేమీ లేదు. మీరంతా అయ్యాక చదువుతాను" అన్నాను.

మళ్ళీ మౌనం. ఫ్యాను ఒక్కటే పక్షపాతం లేకుండా మాట్లాడుతున్నది. టీ వచ్చింది, తాగాము. టీ ఆయన గ్లాసులు తీసుకుంటుంటే ఇరుపక్షాలూ అతని నోటి వైపే భయంగా చూశాయి. కొళాయి వచ్చింది కనుక అతను తృప్తిగా వెళ్ళిపోయాడు. ఒక సభ్యుడు తుమ్మాడు. అది మాట్లాడటం కిందికి వస్తుందేమోనని ఎదుటివర్గం ఆశగా లేచి కూర్చున్నది. రాలేదు. కిటికీలోంచి వచ్చే ఎండ బల్ల మీద నుంచి గోడ మీదికి ఎక్కి, గోడ మీద నుంచి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది.

చివరికి చైర్మన్ గారి ఓపిక తెగింది. "చర్చకు ఎవరూ ముందుకు రాలేదు. చర్చ ముగిసిందని రాసుకోవయ్యా" అని గుమాస్తాతో అన్నారు. గుమాస్తా రాసేశాడు. ఇప్పుడు ముగింపు పలుకుల పేరుతో తాను మాట్లాడవచ్చునని ఆయన ఎత్తు. అందుకు సందేహం అడగడానికి ప్రెస్సాయన అప్పుడే సగం లేచి ఉన్నాడు. నేను నా కట్ట తాడు విప్పాను.

"ఒక్క నిమిషమండీ" అన్నాడు మా బావమరిది. "ఇంకా ఎవరో మాట్లాడాలి."

"ఎవరయ్యా?"

"తెలీదండీ. వెనక బెంచీ చప్పుడవుతోంది."

అందరం వెనక్కి తిరిగాము. పంతులమ్మ లేచి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఎవరూ చూడలేదు.

"సార్, నేను వెళ్ళొచ్చాండీ?" అన్నది.

"ఇంకా ఓటింగే కాలేదమ్మా. మీ బడి సంగతేగా ఇది" అన్నారు చైర్మన్ గారు.

"అవును సార్. కానీ పిల్లలు కూర్చుని ఉంటారు. పక్కనున్న దర్జీగారికి అప్పజెప్పి వచ్చాను. ఆయన కొట్టు కట్టేసే వేళయింది."

"బడి ఎప్పుడో వదిలేసి ఉంటారుగా?"

"బడి వదిలేశాం సార్. వాళ్ళమ్మలు ఇంకా షిఫ్టు దిగలేదు. దిగేదాకా నేనుంటాను."

"ఇవాళా?"

"రోజూనండీ."

"ఎవరు ఉండమన్నారమ్మా మిమ్మల్ని?"

ఆమె ఆ ప్రశ్నలో తప్పు ఎక్కడుందో వెతుక్కున్నట్టు కొంచెం ఆలోచించింది. "ఎవరూ అనలేదు సార్. వాళ్ళింటి తాళం వాళ్ళమ్మల దగ్గరుంటుంది."

మావాడు బల్ల మీదికి వంగి, కొట్లో అద్దం మార్చి అడిగినంత నెమ్మదిగా అడిగాడు: "పెద్దబడిలో ఆ వేళకి ఎవరుంటారమ్మా?"

"వాచ్‌మన్ ఉంటాడండి. మంచివాడే. పిల్లలందరూ బయటికి వెళ్ళాక గేటుకు తాళం వేస్తాడు." మళ్ళీ చైర్మన్ గారి వైపు తిరిగి, "నే వెళ్ళనా సార్?" అన్నది.

"అదీ నిజమే" అన్నాడు మా బావమరిది. అని చేయెత్తాడు. "మూయొద్దండీ."

ఆ క్షణాన చైర్మన్ గారు, ప్రెస్సాయన, నేను, ముగ్గురమూ ఒకేసారి లేచాము. ముగ్గురి నోళ్ళూ తెరుచుకున్నాయి.

"చర్చ ముగిసిందని రాయించారు కదండీ" అన్నాడు మావాడు, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేని గొంతుతో. గుమాస్తా పుస్తకం తిప్పి చూపించాడు. చైర్మన్ గారు తన మాటనే కాసేపు చదువుకున్నారు. మిగిలిన చేతులు ఏవి ఎటు లేవాలో అటు లేచాయి, ఒక్క ఓటు తేడాతో చిన్నబడి నిలిచింది. చైర్మన్ గారిని నేను ఎన్ని విషయాల్లో తప్పుపట్టినా ఇది మాత్రం రాసి తీరాలి: ఓడిపోయిన మరుక్షణం ఆయన డ్రైవరును కేకవేసి, "అమ్మగారిని మిల్లు వెనక దింపి రా. దర్జీ వెళ్ళిపోతాడట, త్వరగా పోనివ్వు" అన్నారు.

బడి నిలబడింది, సంతోషమే. కానీ నా వినతిపత్రంలోని ఒక్క అక్షరం వినకుండా నిలబడింది. సభ అయ్యాక కొట్టు దాకా అతన్ని వదలలేదు.

"ఆవిడ అడిగిందేమిటి? ఇంటికి వెళ్ళొచ్చా అని. దానికి నువ్వు ఓటు వేశావు. సిగ్గుండాలి."

"అదీ నిజమే బావగారూ."

"ప్రెస్సాయనో, చైర్మనో ఆఖరున మాట్లాడి ఉంటే వాళ్ళకే చేయెత్తేవాడివి కదా?"

అతను కొట్టు తాళం తీసి, దీపం వేసి, నాకు కుర్చీ జరిపాడు. "వాళ్ళు ఆఖరున మాట్లాడలేరు బావగారూ. నోరున్నవాళ్ళు అంతసేపు ఆగలేరు. ఇవాళ కష్టపడి ఆగారు, పాపం. మన కొట్లో చూడండి. లోపలికి రాగానే ఫ్రేము అడుగుతారు, ధర అడుగుతారు. అవన్నీ పక్కింటివాళ్ళు అడగమన్నవి. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, 'సూదిలో దారం ఎక్కడం లేదండీ' అంటారు. కన్ను అక్కడ ఉంటుంది. నేను ఆ మాట కోసం నిలబడతానంతే."

నేను ఏదో అనబోయి, టీ ఆయన కొళాయి గుర్తుకు వచ్చి ఆగిపోయాను. వెంటనే అతని ముందుగోడ కూడా గుర్తుకు వచ్చింది. "మరి ఆ మూడు రంగుల గోడకు అర్థమేమిటోయ్?"

"దానికేం లేదు బావగారూ. అది నా మొద్దుతనమే."

ఆ తరువాత అతను బల్ల మీద మోచేతులు ఆనించి, "సరే, ఇప్పుడు చదవండి" అన్నాడు.

"ఏమిటి చదివేది?"

"మీ వినతిపత్రం. తాడు కూడా విప్పారు కదా."

చదివాను. నదులూ సముద్రమూ దగ్గర మొదలుపెట్టి చదివాను. మధ్యలో ఎవరో ఫ్రేము బిగించుకోవడానికి వస్తే, "కూర్చోండి, బావగారిది ఇంకా అవలేదు" అన్నాడు. ఆ వచ్చినాయన కూడా పాపం ప్రాచీన విద్యావిధానాలన్నీ విన్నాడు. రికార్డుల ఆఫీసులోనూ, ఇంటిలోనూ, పత్రికా కార్యాలయాలలోనూ నా కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా విన్న మనిషి అంతవరకు నాకు తారసపడలేదు. అతను విలీనం అన్న వాక్యాన్ని మళ్ళీ చదవమని కూడా అడిగాడు.

అంతా అయ్యాక కట్ట కట్టుకుని లేచాను. అలవాటు ప్రకారం అతనూ లేచి నాతో గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"నన్నూ సాగనంపుతావా ఏమిటి?"

అతను నవ్వాడు. కదల్లేదు. నేను ఒక మెట్టు దిగాను. వీధి దీపాలు వెలిగాయి. ఎందుకో వెనక్కి తిరిగాను.

"ఏం లేదోయ్. ఈ మధ్య దీపం కింద కూడా అక్షరాలు కాస్త అలుక్కుపోతున్నాయి. సిరా నాసిరకం."

"అదీ నిజమే బావగారూ" అని లోపలికి వెళ్ళి, సొరుగులోంచి ఒక పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. తెరిస్తే కళ్ళజోడు. "సిరా నాసిరకంగా ఉన్నప్పుడు ఇవి పెట్టుకోండి."

"ఎప్పుడు చేయించావోయ్ ఇవి?"

"చాలా రోజులైంది. మీరు రోజూ గుమ్మం దాకా వచ్చి, ఇటు తిరగకుండానే వెళ్ళిపోతున్నారు."

ఆ వారంలోనే ఒక శుభపరిణామం సంభవించింది. మా ఊరికి వచ్చే పత్రికలన్నీ తమ తప్పు తెలుసుకుని అక్షరాల పరిమాణం పెంచాయి. ఆదివారం అతను భార్యతో భోజనానికి వచ్చినప్పుడు నేను పత్రిక విప్పి అందరికీ చూపించి, ఇది సంపాదకులకు నేను రాసిన లేఖల ఫలితమేనని నిరూపించాను. నకళ్ళు కూడా బయటికి తీశాను. మా ఆవిడ నా ముక్కు మీద కళ్ళజోడు వైపు చూసి, నవ్వు ఆపుకుంటూ నోరు తెరవబోయింది.

మా బావమరిది తన జీవితంలో మొదటిసారి ఆఖరి మాట కోసం ఆగలేదు. అక్క నోట మాట పడకముందే, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా, గబగబా అనేశాడు:

"అదీ నిజమే బావగారూ."